తీగ పీకినా ఇరవై అయిదే

ఆదిలాబాద్,
18 నవంబరు 2024

అన్నకు,

ఈ ఉదయం నవత గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను చంకలో పెట్టుకుని ప్రార్థనకు నిలబడింది. ఆమెన్ అనేసరికి ఒక చెంచాడు నూనె కరిగింది. ఆ చెంచాడుతోనే నలుగురు పిల్లలు జడలు వేసుకున్నారు. నవత పదో తరగతి. మాటలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

ఇక్కడ చలి మొదలైంది. హాస్టల్లో పిల్లలు పడుకునే పెద్దగదికి కిటికీ అద్దాలు సగం లేవు. మే నెల గాలిదుమారానికి పగిలాయి. అట్టముక్కలు అడ్డం పెట్టాం. అవి రాత్రంతా టపటపా కొట్టుకుంటాయి. అద్దాలు వేయించమని ట్రస్టు కరస్పాండెంటు కరుణాకర్ గారిని అడిగాను. ఆయన నిర్మల్‌లో ఉంటారు, ఈ బడీ హాస్టలూ ఆయన చేతిమీదే నడుస్తాయి. ల్యాబ్‌లోని గాజు థర్మామీటరు తెల్లవారుజామున చూసి, తొమ్మిది డిగ్రీలు అని కాగితం మీద రాసి తీసుకెళ్లాను. ఆయన చదివి తిరిగి నా చేతిలోనే పెట్టారు.

"టీచరమ్మా, నువ్వు రాసింది కమిటీ ముందర ఎట్ల పెట్టాలె? రేపు ఇంకో టీచరమ్మ అయిదని రాసిస్తది. మిషన్ చూపెట్టాలె. మిషన్ అబద్ధం చెప్పదు గదా."

"సరే సార్" అని వచ్చేశాను. బయటి గేటు దాటాక చెప్పాల్సిన మాటలన్నీ గుర్తొచ్చాయి. నా సంగతి నీకు తెలుసు.

అందుకని మిషన్ కావాలి. నీ దుకాణంలో ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకు కొంటారే, ప్రోగ్రాం ఎక్కించే అరచేతి బోర్డులు, వాటిలో ఏవి తీసుకోవాలో చెప్పు. పదో తరగతి పిల్లలు తమ చేత్తో తీగలు కలపాలి. గదిలో ఇప్పుడు ఎంత వేడి, రాత్రిలో అన్నిటికంటే తక్కువ ఎంత, ఈ రెండంకెలు చిన్న తెర మీద కనబడితే చాలు. చవకగా ఉండాలి. పిల్లలు పొరపాటున కాల్చేసినా ఏడవక్కర్లేనిదై ఉండాలి.

అవ్వ మోకాళ్లకు నూనె రాస్తున్నారా? వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
మహిమ


కరీంనగర్,
22 నవంబరు

చెల్లె మహిమకు,

ఫోన్‌ల రెండు నిమిషాలల్ల ఒడిసే ముచ్చటకు ఉత్తరం రాసినవ్. కాన్వెంట్ల ఆదివారం ఆదివారం మదర్ కూసోపెట్టి రాయించేది, గా అలవాటు పోలే నీకు. అవ్వ మాత్రం మస్తు మురిసింది. "పిల్ల ఎంత మంచిగ రాసింది" అన్నది. ఏం రాసిందే అంటే "అక్కడ చలి ఉన్నదట" అన్నది. గంతే.

సైన్స్ ఫేర్ గదా? అది ముందుగాల చెప్పాలె. ఫేర్ అంటే నాకు వదిలెయ్. నీ పిల్లలకు ఈఎస్‌పీ బోర్డు ఇస్త. చిన్నగుంటది, చవక, వైఫై దాంట్లనే ఉంటది. అంకె సీదా ఫోన్లకొస్తది. రంగుల తెర పెడ్త, చలి పెరిగితే కూతేసే బజర్ పెడ్త. నువ్వు అడిగే సాదా అంకెలకు ఫస్ట్ ప్రైజ్ రాదు. జడ్జీలు తెర చూస్తరు, సెన్సర్ చూడరు. ఇన్నేండ్ల నుంచి చూస్తున్న గదా.

ఊనో అని పాత బోర్డు ఒకటున్నది. చేయంత పెద్దగ, మోటుగ ఉంటది. నా దగ్గర అది ఎవలు అడుగుతలేరు. అది వద్దు.

నీకేం, క్వార్టర్‌ల తలుపేసుకుని దుప్పటి కప్పుకుని మంచిగ ఉత్తరాలు రాస్తున్నవ్. ఈడ పరీక్షల సీజను. ఒక్కో పోరడు రేపే వైవా అని వచ్చి నెత్తి మీద కూసుంటుండు. జల్ది చెప్పు, ఎన్ని గావాలె.

అన్న,
బెంజమిన్


ఆదిలాబాద్,
25 నవంబరు

అన్నకు,

సైన్స్ ఫేర్ కాదు. నా ఉత్తరం మళ్లీ ఒకసారి చదువు. ప్రైజు కోసం కాదు, కిటికీల కోసం.

ఫోన్‌లో అయిపోయే ముచ్చట అన్నావు. ఫోన్‌లో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ అంటాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు వద్దన్న ఊనోనే కావాలి. నేనూ కొంత చదివాను. హాస్టల్లో వైఫై లేదు, పిల్లల దగ్గర ఫోన్లు ఉండకూడదు, కాబట్టి ఈఎస్‌పీలో ఉన్న గొప్ప ఇక్కడ పనికిరాదు. పైగా అది తక్కువ వోల్టుల మీద నడిచే సుకుమారం. అయిదు వోల్టుల తీగ పొరపాటున తగిలితే పోతుంది. మా పిల్లలు తగిలిస్తారు. తగిలించి నేర్చుకోవాలి కూడా. ఊనో మోటుది, తట్టుకుంటుంది. దాని మీది నల్లటి చిప్పు గుంటలో గుచ్చి ఉండే రకం పంపు, అతికించిన రకం వద్దు. కాలిపోతే చిప్పు ఒక్కటి మార్చుకోవచ్చు, బోర్డు మిగులుతుంది. నానో అనే బుల్లి బోర్డు ఇంకా చవక, కానీ దానికి కాళ్లు మనమే అతకాలి. ఇక్కడ అతికే పరికరం లేదు.

ఇంకో కారణం ఉంది. ఊనోకు ప్రింటరు తీగ సరిపోతుంది. ఆఫీసు గదిలో ప్రింటరు చెడిపోయి ఉంది గాని తీగ బాగుంది. మిగతావాటికి ఫోను తీగలు కావాలి, వాటిలో సగం ఛార్జింగుకు తప్ప దేనికీ పనికిరావు. ఏది ఏదో పైకి తెలియదు.

పది పంపు, అన్నీ ఒకే రకం. ఒక పిల్ల చేసిన తప్పు పక్క పిల్లకు పాఠం కావాలంటే ఇద్దరి చేతిలో ఒకే బోర్డు ఉండాలి. అసలు కంపెనీది అక్కర్లేదు, నకలు చాలు. నకలు బోర్డును మా పాత కంప్యూటరు గుర్తుపట్టడానికి ఒక చిన్న ప్రోగ్రాం ఎక్కించాలట. ఇక్కడ ఇంటర్నెట్ లేదు, పెన్‌డ్రైవులో వేసి పంపు. సెన్సర్ స్టీలు టోపీ ఉన్నది పంపు, నీళ్లలో ముంచినా పాడవదంటున్నారు. ఐసు నీళ్లలో ముంచి సరిచూసుకుంటాం.

బజరు వద్దు. పిల్లలు ఎలాగూ నిద్రపోవడం లేదు.

మహిమ


కరీంనగర్,
30 నవంబరు

చెల్లె,

అమ్మో! ఇంత కోపమా? ఉత్తరం పట్టుకుంటే చెయ్యి కాలింది. నీ ఊనోలే పంపుతున్న, గుంటల చిప్పువే. తమ్మీ, గీ ముసలి బోర్డు ఎవలు గొంటరే అని హోల్‌సేల్ ఆయన నవ్విండు. నా చెల్లె కొంటది అన్న నేను తిరిగి నవ్వుకుంట.

బస్సు పార్సిల్‌ల ఏసిన. ఆదిలాబాద్ బస్టాండ్‌ల తీసుకో. ఒక్కో పిల్లకు ఒక్కో పొట్లం: బోర్డు, తెర, స్టీలు సెన్సర్, తీగలు. పెన్‌డ్రైవ్ కూడ ఉన్నది.

ప్రోగ్రాం నేనే రాసి బోర్డులల్ల ఎక్కించిన. మీరు ఏం ముట్టకుండ్రి. తీగ పెట్టుడు, కరెంటు ఇచ్చుడు, గంతే. తెర మీద అంకె వస్తది, అది నా గ్యారంటీ. నా దుకాణంల చేసిన ప్రాజెక్టు ఒక్కటి గూడ ఇప్పటిదాక వైవాల ఆగలే. కావాలంటే ఎవన్నన్న అడుగు.

ఇగ ఫికర్ చెయ్యకు. చలి గిలి పక్కన పెట్టి నీ ఆరోగ్యం చూసుకో. అవ్వ నీకు సంబంధం చూస్తున్నది, అది మల్ల రాస్త.

అన్న


ఆదిలాబాద్,
9 డిసెంబరు

అన్నా,

పొట్లాలు అందాయి. బుధవారం పిల్లలు తీగలు కలిపారు. కరెంటు ఇవ్వగానే అన్ని తెరల మీదా అంకెలు వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నిన్ను మెచ్చుకుంటూ ఒక ఉత్తరం మొదలుపెట్టాను కూడా. అది చించేశాను.

ఆ సాయంత్రం నవత చేసిన బోర్డును పెద్దగదిలో కిటికీ పక్క బల్ల మీద పెట్టాం. తెల్లారి చూస్తే ఇప్పుడు 25.1, రాత్రి కనిష్ఠం 24.6. బోర్డు పక్కనే నవత నూనె సీసా ఉంది. నూనె రాయిలా గడ్డకట్టి ఉంది. వంట చేసే కొమురవ్వ తెర వైపు చూసి, "దీనికేమన్న దుప్పటి కప్పిండ్రా ఏంది? నా చేతులు కొంకర్లు పోయి గంటె పట్టరాకుంటున్నది" అంది. తర్వాత మరాఠీలో ఏదో తిట్టింది. అర్థం అడిగితే చెప్పలేదు.

తప్పు ఎక్కడుందో చూద్దామనుకునేలోపే కరుణాకర్ గారు వచ్చారు. క్రిస్మస్ కార్యక్రమం ఏర్పాట్లు చూడటానికి వచ్చి, "ఏదీ మీ మిషన్?" అని నేరుగా పెద్దగదిలోకి నడిచారు. తెర చదివారు. మళ్లీ చదివారు. మొహం విప్పారింది.

"ఇరవై నాలుగా? హైదరాబాద్‌ల మా కొడుకు ఏసీ ఇరవై నాలుగు మీదనే పెట్టుకుంటడమ్మా. మీకు కరెంటు బిల్లు లేకుంటనే దేవుడు ఇచ్చిండు."

ఫోటో తీసి అక్కడే నిలబడి కమిటీ వాళ్లకు పంపారు. నేను నూనె సీసా చూపించాను. "కొబ్బరినూనె చలికి గడ్డకట్టకపోతే కల్తీ అన్నట్టు" అని నవ్వి వెళ్లిపోయారు. పిల్లలు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

ఆయన కారు వెళ్లాక నవత, "మేడం, సెన్సర్ తీగ పీకి చూద్దామా?" అంది. పీకింది. స్టీలు టోపీ సెన్సర్ మొత్తంగా ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. బోర్డుకు ఇక ఏమీ తగిలి లేదు. తెర మీద 25.3. కాసేపటికి 24.9. తర్వాత 25.2. పిల్లలు నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. నవత దగ్గుతూ అడిగింది: "మేడం, మరి గిది దేన్ని కొలుస్తున్నట్టు?"

ఆ ప్రశ్న నీకు పంపుతున్నాను. అది దేన్ని కొలుస్తోంది అన్నా?

మహిమ


కరీంనగర్,
12 డిసెంబరు

చెల్లె,

జర శాంతంగ చదువు. ముందుగాల తప్పు నీది. తీగ సరిగ పెట్టి ఉంటే సెన్సర్ పలికేది. సెన్సర్ పలుకకుంటే గీ రకం బోర్డుల మైనస్ నూట ఇరవై ఏడు అని వస్తది. అది దాని పద్ధతి, నాకేం దొరకలే అని చెప్పుడన్నట్టు. ఇగ వైవాకు బయటి కాలేజీ నుంచొచ్చే ఎక్స్‌టర్నల్ సార్ ముందర తెర మీద మైనస్ నూట ఇరవై ఏడు వచ్చిందనుకో, పోరడు అక్కడ్నే కూలవడ్తడు. చెమటలు కారుతయ్. సార్ పెన్ను మూతపెట్టి పక్కోనిని పిలుస్తడు. నాలుగేండ్ల సదువు ఒక లూజు తీగ మీద పోతది.

అందుకనే నా ప్రోగ్రాంల ఒక చిన్న ఏర్పాటు పెడ్త. సెన్సర్ పలుకకుంటే, ప్రోగ్రామే ఇరవై నాలుగు ఇరవై ఆరు నడుమ ఒక అంకె ఏస్తది. ఊకె ఒకటే అంకె ఉంటే అనుమానమొస్తదని జర అటిటు ఊగేటట్టు పెట్టిన. దాంతోని ఎంతమంది పోరగాళ్లు గట్టెక్కిండ్రో నీకెరుకనా? పరశురాములు అని మన గల్లీ పోరడు పాసై ఇయ్యాల బెంగళూర్ల ఉన్నడు. పండుగకు మిఠాయి పంపుతడు. ఇది మోసం అంటవా? నేను దయ అంట.

నీ బోర్డులల్ల అది తీసేసుడు యాది మరిచిన. గంతే జరిగింది. దానికి ఇంత రాద్ధాంతమా? నిన్ను కాన్వెంట్ల ఏసిండ్రు, నన్ను సర్కారు బడిల ఏసిండ్రు. నేనేమన్న అన్ననా? నాకొచ్చిన తెలివితోని నేను బతుకుతున్న. ఆ కరుణాకర్ సార్‌కు ఇంకో ఫోటో పంపు, మిషన్ బాగైంది అను. అయిపోతది.

అన్న


ఆదిలాబాద్,
15 డిసెంబరు

బెంజమిన్ గారికి,

తీగ సరిగానే పెట్టాం. పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్క పొట్లం విప్పి చూశాను. స్టీలు సెన్సర్ పలకాలంటే దాని రెండు తీగల మధ్య ఒక చిన్న రెసిస్టరు ఉండాలి. గింజంత ఉంటుంది, చారలు ఉంటాయి. అది మీరు ఏ పొట్లంలోనూ పెట్టలేదు. ఒక్కదానిలో కూడా.

పొట్లాలు కట్టేముందు మీ దుకాణంలో ఒక బోర్డు పెట్టి చూసే ఉంటారు. అంకె వచ్చి ఉంటుంది. బాగుందనుకుని సంచీలో వేసి ఉంటారు. మీ ప్రోగ్రాం మీ తప్పును మీకే కనబడకుండా దాచింది. ఎక్స్‌టర్నల్‌ను మోసం చేయడానికి రాసుకున్నది మిమ్మల్నే మోసం చేసింది. మైనస్ నూట ఇరవై ఏడు వచ్చి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. ఆ అంకె సిగ్గుపడాల్సింది కాదు. ఆ తెర మీద నిజం చెప్పగలిగింది అదొక్కటే.

దయ అన్నారు. ఎవరి మీద? తీగ లూజుగా ఉందని ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. వాడు రేపు ఎక్కడో ఒక గదిలో ఇలాంటిదే బిగిస్తాడు, అది కూడా ఇరవై అయిదు చూపిస్తుంది, దాని కింద ఎవరో పడుకుంటారు.

నిన్న నవతను పెద్దాసుపత్రిలో చేర్చాం. న్యుమోనియా. డాక్టరమ్మ ఎక్కడ పడుకుంటుందని అడిగింది. కిటికీ పక్కన అని చెప్పాను. కిటికీకి అద్దం ఉందా అంది. ఇన్నాళ్లలో సరైన ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. బయటికొచ్చి కరుణాకర్ గారికి ఫోన్ చేశాను. నా అంతట నేను ఆయనకు ఫోన్ చేయడం అదే మొదలు. మిషన్ తప్పు చూపించింది సార్ అన్నాను.

"టీచరమ్మా, ఫోటో కమిటీల అందరు చూసిండ్రు. ఇరవై నాలుగొస్తే తప్పు, తొమ్మిదొస్తే ఒప్పా? మీకు కావాల్సిన అంకె వచ్చేదాక కొలుస్తరా?"

అర్థమైందా మీరేం చేశారో? ఇప్పుడు నేను నిజమైన అంకె చూపించినా ఎవరూ నమ్మరు. మీ అంకె ముందు వచ్చి కూర్చుంది.

బాపు కాగజ్‌నగర్ మిల్లులో షిఫ్టు కాగితం మీద ప్రతి గంటకూ ఆవిరి గేజీ అంకె రాసేవారు. వేరే పనిలో పడి చూడలేకపోయిన గంటకు గీత గీసేవారు. ముందు గంటదీ తర్వాత గంటదీ చూసి మధ్యలోది వేయొచ్చు గదా అని మీరే ఒకసారి అడిగారు. ఆయన ఏమన్నారో నాకు గుర్తుంది. మీకు కూడా గుర్తుండాలి.

రెండు పనులు చేయండి. ఒకటి, రెసిస్టర్లు పంపండి. ప్రోగ్రాం వద్దు, పిల్లలే రాస్తారు. రెండు, ఆ అంకెలు గదిలోవి కావు, ప్రోగ్రాం కల్పించినవి అని కరుణాకర్ గారికి మీ సంతకంతో ఒక ఉత్తరం రాయండి. ఇరవై మూడున క్రిస్మస్ కార్యక్రమానికి కమిటీ మొత్తం వస్తోంది. ఆ లోపల అందాలి.

సంబంధం సంగతి అవ్వను ఆపమనండి.

మహిమ


కరీంనగర్,
19 డిసెంబరు

మహిమ,

గారు అని రాసినవ్. అవ్వ ముందర చదువ లేకపోయిన. ఉత్తరంల ఏమున్నదిరా అంటే బాగనే ఉన్నదట అని చెప్పిన.

బాపును నడుమ తేకు. బాపు "సూడనిదాన్ని సూడలేదని రాస్తే నీ ముల్లె ఏం పోతదిరా" అన్నడు. నాకు యాదికున్నది. బాపుకు నెల కాంగనే జీతమొచ్చేది. నాకు పోరడు పాసైతేనే ఇంకో పోరడు దుకాణం మెట్లెక్కుతడు.

రెసిస్టర్లు మరిచింది నిజమే. పార్సిల్‌ల ఏసిన, ఇయ్యాల బస్సుకు వస్తయ్. ఉత్తరం మాత్రం రాయ. నా సంతకంతోని అట్ల ఒక కాగితం బయటికి పోతే ఏమైతదో నీకెరుకలే. కాలేజీల చెవిన పడుతది. ఇన్నేండ్ల ప్రాజెక్టులన్నీ తిరగేస్తరు. దుకాణం మూసుకునుడే. పోరగాళ్ల డిగ్రీల మీదికి గూడ వస్తది. నీ కిటికీలకు నా సంసారం అడ్డం పెట్టుమంటున్నవ్. దుకాణం పేరు గూడ అక్కడ ఎత్తకు. ఇది నా మాటగ ఉంచుకో.

ఇంకొకటి చెప్త. మొన్న ఇద్దరు పోరగాళ్లు గ్యాస్ లీకయితే మోగే అలారం చేయించుకున్నరు. ప్రోగ్రాంల "అంతా మంచిగనే ఉన్నది" అనే లైను రాస్తుంటే నీ ఉత్తరం యాదికొచ్చింది. గా ఒక్కదాంట్ల తీసేసిన. మిగిలినవాట్ల తియ్య. నువ్వు ఖుషీ అయితవని చెప్తలేను.

ఆ పిల్ల ఎట్లున్నది?

నువ్వు క్వార్టర్‌ల వెచ్చగ పండుకుని మాకు నీతులు చెప్పుడు సులువే. ఈడ దుకాణం షట్టర్ తీసి నిలవడు, అప్పుడు తెలుస్తది.

బెంజమిన్


ఆదిలాబాద్,
28 డిసెంబరు

అన్నా,

రెసిస్టర్లు వచ్చాయి. పిల్లలు పెట్టారు. ప్రోగ్రాం వాళ్లే రాశారు. దానిలో మూడు తప్పులు దొర్లాయి, వాళ్లే పట్టుకున్నారు. సెన్సర్ పలకకపోతే ఏం చేయాలని అడిగితే, జూన్ నుంచి నా క్లాసులో నోరెత్తని బాలలక్ష్మి, "పలుకలేదని రాయిద్దాం మేడం" అంది. అదే రాయించాం. ఐసు నీళ్లలో ముంచాం, సున్నాకు దగ్గరగా వచ్చింది. ఆ రాత్రి పెద్దగదిలో కనిష్ఠం 8.7.

నీ పాత ప్రోగ్రాంతో ఉన్న బోర్డును ఒకదాన్ని అలాగే ఉంచాను, చెరపలేదు.

కార్యక్రమం రోజు కమిటీ వాళ్లు కేకు తిని పెద్దగది చూడటానికి వచ్చారు. బల్ల మీద రెండు బోర్డులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి ఇరవై అయిదు చూపిస్తోంది, ఒకటి పదహారు. సాయంత్రం కదా. కరుణాకర్ గారు అందరికంటే ముందు నవ్వారు. "ఇగో సూడుండ్రి, ఒక్క గదిల రెండు వాతావరణాలు. ఇగ మనం దేన్ని నమ్మాలె?"

నేను మాట్లాడాను అన్నా. ఎలా మాట్లాడానో తెలియదు. రెండు సెన్సర్ల తీగలూ పీకి ఆయన చేతిలో పెట్టాను. కొత్త బోర్డు మీద "సెన్సర్ లేదు" అని వచ్చింది. నీ బోర్డు 25.2 అంది. తర్వాత 24.8 అంది. నవత ఆ రోజు లేదు, కాబట్టి ఆమె ప్రశ్న నేను అడిగాను. "సార్, సెన్సర్ మీ చేతిలో ఉంది. ఇది దేన్ని కొలుస్తోంది?"

కమిటీలో కైలాసం గారని ఒక పెద్దాయన, మాట తక్కువ మనిషి. ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. అట్ట తీసి, ఆ సందులోంచి చేయి బయటికి పెట్టారు. చేయి లోపలికి తీసుకుని, "ఫోటో పంపినప్పుడు నువ్వు ఇక్కడ నిలబడ్డవు గదా కరుణాకరు. నీకు చలి పెట్టలేదా?" అన్నారు. కరుణాకర్ గారు స్వెటరు గుండీలు సర్దుకున్నారు.

నాకు సంతోషం కలగలేదు. ఈ మాట నవంబరులో ఎవరో ఒకరు అడిగి ఉండాల్సింది. బోర్డు ఎందుకు? సెన్సర్ ఎందుకు? చేయి బయట పెడితే చాలు. పిల్లలు వణుకుతున్నారని చెప్పడానికి పిల్లలు చాలరా?

ఇది ఎవరు చేసి పంపారని అడిగారు. మా అన్న అని చెప్పాను. దుకాణం ఎక్కడ అన్నారు. కరీంనగర్ అని చెప్పాను. పేరు అడిగారు. పేరు కూడా చెప్పాను. నువ్వు చెప్పొద్దన్నావు. దాచమని నువ్వు అడిగితే, దాచానని నేను రాస్తే, నేనూ నీ ప్రోగ్రాంలో ఒక లైనునే అవుతాను. చెప్పానని రాస్తున్నాను. ఏం జరుగుతుందో జరగనీ. ఇప్పటిదాకా ఎవరూ ఏమీ అనలేదు. రేపు అనరని నేను చెప్పలేను.

వెళ్లేటప్పుడు కరుణాకర్ గారు నన్ను పక్కకు పిలిచారు. నవ్వులాటగానే అన్నారనుకో. "టీచరమ్మా, ఆ పాతది ఆఫీసుకు ఇయ్యరాదూ? తనిఖీకొచ్చినోళ్లకు చూపెడ్తం." నేను నవ్వలేదు. ఆ బోర్డును ఆ రాత్రే చెరిపేశాను. నీకు మిఠాయి పంపే పరశురాములును గట్టెక్కించిన ప్రోగ్రాం అందులో లేదు ఇప్పుడు.

నిన్న నిర్మల్ నుంచి అద్దాల మనిషి వచ్చాడు. అన్ని కిటికీలకూ వేశాడు. రాత్రి చప్పుడు లేదు. పిల్లలకు ఆ నిశ్శబ్దం అలవాటు లేక చాలాసేపు గుసగుసలాడారు. నవత ఆసుపత్రి నుంచి వాళ్ల ఊరికి వెళ్లింది, కొత్త సంవత్సరం తర్వాత వస్తుంది. ఇంకా ఎక్కువసేపు నిలబడలేకపోతోందని వాళ్లమ్మ చెప్పింది. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. అడిగినందుకు నీ మీద కోపం తగ్గిందనుకోకు.

గ్యాస్ అలారంలో ఆ లైను తీసేశానన్నావు. మిగతావాటిలోనూ తియ్యి.

అవ్వకు ఈ ఉత్తరం చదివి వినిపించు. మొత్తం వినిపించు. బాగనే ఉన్నదట అని చెప్పకు.

నీ ఉత్తరాల్లో క్వార్టర్ గురించి రెండుసార్లు రాశావు. ఇక్కడ టీచర్లకు క్వార్టర్ లేదు. జూన్ నుంచి నేను ఆ పెద్దగదిలోనే పడుకుంటున్నాను, నవత పక్క మంచం మీద.

మహిమ